ప్రోహార్మోన్ డబ్బా మూత తీసే ముందు

ప్రోటీన్ డబ్బాల పక్కనే, అదే సైజులో, అవే మెరుపు రంగుల్లో కనిపిస్తుంది కాబట్టి కండ కోసం వాడే ప్రోహార్మోన్‌ని కూడా చాలామంది సప్లిమెంట్ కిందే జమకడతారు. అది మందు. ఒంట్లోకి వెళ్లాక ఎంజైముల చేతిలో పడి టెస్టోస్టెరాన్‌గానో దానికి దగ్గరి హార్మోన్‌గానో మారుతుంది. ఈ పేరుతో అమ్మిన కొన్నిటికైతే మారాల్సిన అవసరం కూడా లేదు. అవి నేరుగా స్టెరాయిడ్లే.

ఈ కథ అమెరికాలో మొదలైంది. 1998లో బేస్‌బాల్ ఆటగాడు మార్క్ మెగ్వైర్ 70 హోమ్ రన్లు కొట్టిన సీజన్‌లో అతను వాడుతున్న ‘ఆండ్రో’ అనే ప్రోహార్మోన్ గురించి బయటికొచ్చింది, అమ్మకాలు ఊపందుకున్నాయి. మరుసటి ఏడాదే ‘జామా’ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. రోజుకు 300 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది వారాల కోర్సులో ఇచ్చి చూస్తే బలం అదనంగా పెరగలేదు. పెరిగింది ఈస్ట్రోజెన్, తగ్గింది మంచి కొలెస్ట్రాల్. 2004 చట్టంతో ఆండ్రో స్టెరాయిడ్ల జాబితాలోకి వెళ్లింది. దాని స్థానంలో సూపర్‌డ్రాల్ లాంటివి వచ్చాయి. అవి కండ పెంచాయి, కాలేయాలనూ దెబ్బతీశాయి. 2014లో ఇంకో చట్టం అవసరమైంది.

మన దేశంలో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం హెల్త్ సప్లిమెంట్లలో హార్మోన్లు, స్టెరాయిడ్లు కలపకూడదు. కాబట్టి ప్రోహార్మోన్ డబ్బా మీద 14 అంకెల లైసెన్స్ నంబరు ఉంటే లోపల సరుకైనా వేరే అయ్యుండాలి, నంబరైనా దొంగదై ఉండాలి. ఎలా చూసినా క్యాప్సూల్‌లో ఏముందో, ఎంతుందో హామీ ఇచ్చేవాళ్లు లేరు. అమెరికా నుంచి సూట్‌కేసులో తెప్పించుకున్నా అంతే. పైగా జాబితాకెక్కిన రకాలు దగ్గరుంటే అక్కడ నేరం, స్టూడెంట్ వీసా మీదో హెచ్‌1బీ మీదో ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం.

వాడొద్దనేదే నా సలహా. కానీ కాంపిటీషన్ డేట్ దగ్గరపడ్డాక ‘వద్దు’ అంటే వినేవాళ్లు తక్కువ. ఆ మాట చెవికెక్కనివాళ్ల కోసమే మిగతాదంతా.

కొందరు అసలు ముట్టుకోకూడదు. టీనేజ్ కుర్రాళ్లకు ఎముకల చివర పెరిగే భాగం ముందే మూసుకుపోతుంది, ఎత్తు అక్కడితో ఆగిపోతుంది. ఆడవాళ్లకు గొంతు బొంగురుపోతే మానేశాక కూడా తిరిగి రాకపోవచ్చు. బీపీ, ఫ్యాటీ లివర్, హెపటైటిస్-బి ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లు, డిప్రెషన్‌కి మందులు వాడుతున్నవాళ్లు, త్వరలో పిల్లలు కావాలనుకుంటున్నవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. పోటీల్లో పాల్గొనే క్రీడాకారులకు ఇంకో సంగతి: పరీక్షలో అనబాలిక్ (కండ పెంచే స్టెరాయిడ్ లాంటి) పదార్థం దొరికితే మామూలుగా నాలుగేళ్ల నిషేధం. డబ్బా మీద రాయలేదంటే డోపింగ్ పరీక్షలు చేసే ‘నాడా’ వాళ్లు ఒప్పుకోరు.

ఇక పరీక్షలు. మొదలుపెట్టే ముందు రిపోర్టు లేకపోతే తర్వాత వచ్చే రిపోర్టుకి సగం విలువే. లివర్ ఫంక్షన్ టెస్ట్, జీజీటీ (ఇంకో కాలేయ ఎంజైము), లిపిడ్ ప్రొఫైల్, సీబీపీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్, హెపటైటిస్-బి, ఉదయం పూట తీసిన టెస్టోస్టెరాన్, దాంతోపాటు దాని తయారీని నడిపే హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్. ఇక్కడ జిమ్ వాళ్లు తరచూ పొరపడేది ఒకటుంది. నిన్న స్క్వాట్లు, డెడ్‌లిఫ్టులు గట్టిగా కొట్టి ఈరోజు రక్తం ఇస్తే లివర్ టెస్ట్‌లో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎంజైములు రెండూ ఎక్కువగానే రావచ్చు. ఆ ఎంజైములు కండలోనూ ఉంటాయి. బరువులకు ఓ వారం విరామమిచ్చి పరీక్షకి వెళ్లండి. జీజీటీ కండ వల్ల పెరగదు. అది మామూలుగా ఉండి కండ ఎంజైము సీపీకే ఎక్కువగా ఉంటే అనుమానం కండ మీదికి పోతుంది. అయితే ఎంజైములు కొంచెమే పెరిగాయని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఈ మందుల వల్ల వచ్చే కామెర్లలో ఎంజైములు ఓ మోస్తరుగా ఉండి కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ మాత్రం విపరీతంగా పెరుగుతుంది. రిపోర్టులో ముందు బిలిరుబిన్ గడి చూడండి.

లేబుల్ మీద పొడుగాటి రసాయన పేరు చదవడం విసుగే. కానీ అందులో ‘17’ అంకె, ‘ఆల్ఫా’, ‘మిథైల్’ అనే మూడూ కలిసి కనిపిస్తే డబ్బా కింద పెట్టేయండి. కాలేయం విరగ్గొట్టకుండా ఆ మిథైల్ ముక్క మందుని కాపాడుతుంది, ఆ భారం కాలేయమే మోస్తుంది. మిథైల్ లేనివి సురక్షితం అని ట్రైనర్ అన్నలు చెప్తారు. 1-ఆండ్రో అనే రకం మిథైల్ లేనిదే. 2014లో వచ్చిన అధ్యయనంలో నాలుగు వారాలకే కండ పెరిగింది, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) మూడో వంతుకి పైగా పడిపోయింది, ఎల్‌డీఎల్ (చెడ్డది) దాదాపు మూడో వంతు పెరిగింది. మనలో చాలామందికి హెచ్‌డీఎల్ మొదట్నుంచీ 40 లోపే. అందులోంచి మూడో వంతు పోతే ఇంకేం మిగులుతుంది?

ఒకేసారి రెండు రకాలు కలపొద్దు. సైకిల్‌లో, అంటే కోర్సు నడుస్తున్నన్నాళ్లు, మందు పార్టీలు బంద్. ‘వీకెండ్ బీరే కదా’ అన్నది కూడా వద్దు. ఒళ్లు నొప్పులకి రోజూ పారాసిటమాల్, మొటిమలకి ఐసోట్రెటినాయిన్ లాంటివి డాక్టర్‌కి ఈ సంగతి చెప్పకుండా వేసుకోవద్దు. ‘లివర్ సపోర్ట్’ క్యాప్సూల్స్ వేసుకుంటున్నాం కదా అన్న ధైర్యం పనికిరాదు, వాటిలో ఉండే మిల్క్ థిజిల్ అనే మూలిక ఈ నష్టాన్ని ఆపుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

ఇంట్లో బీపీ మిషన్ పెట్టుకుని వారానికి రెండు మూడుసార్లు చూసుకోండి. రెండు మూడు రీడింగుల్లో వరసగా 140/90 దాటితే ఆపేయాలి. రక్తం చిక్కబడటం ఇంకో బెడద. సీబీపీలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటితే వైద్యంగా టెస్టోస్టెరాన్ వాడుతున్నవాళ్లకి కూడా డాక్టర్లు ఆపేస్తారు. మే నెల ఎండలో, ఏసీ లేని జిమ్‌లో, కటింగ్ కోసం, అంటే కండ గీతలు తేలాలని, నీళ్లు తగ్గించుకునేవాళ్లకి ఆ అంకె ఇంకా పైకి పోతుంది. ఛాతీనొప్పి, ఆయాసం, ఒక కాలు మాత్రమే వాచడం, మాట తడబడటం ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి.

కాలేయం దెబ్బతింటున్నట్టు మొదట తెలిసేది చాలాసార్లు దురదతోనే. ఎక్కడా దద్దురు ఉండదు, రాత్రంతా గోకుతూనే ఉంటారు. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి వస్తుంది, మలం తెల్లబడుతుంది, ఆ తర్వాత కళ్లు పచ్చబడతాయి. సాధారణంగా మొదలుపెట్టిన ఒకటి నుంచి నాలుగు నెలల మధ్య ఇది బయటపడుతుంది, తగ్గడానికీ నెలలే పడుతుంది. అప్పుడు మన దగ్గర ఇంట్లోవాళ్లు ఎక్కడికి తీసుకెళ్తారో తెలిసిందే: పసరు మందుకి, లేదా చేతి మీద వాతకి. అసలే దెబ్బతిన్న కాలేయం మీద ఇంకో తెలియని మందు వేయొద్దు. క్యాప్సూల్స్ అక్కడితో ఆపి, డబ్బా చేతపట్టుకుని గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. పెద్దవాళ్ల ముందు సిగ్గుపడి ‘ప్రోటీనే వాడాను సార్’ అంటే డాక్టర్ వైరస్‌ల కోసం వెతుకుతూ ఉంటాడు. అమ్మానాన్నల్ని కాసేపు బయట ఉండమని అడగండి, ఏ డాక్టరూ కాదనరు.

మానేశాక కొన్ని వారాలు నీరసం, కోరికలు తగ్గడం, చిరాకు, ఏడుపు రావడం మామూలే. ఒంట్లో సొంత తయారీ ఆగిపోయి మళ్లీ మొదలవ్వాలి. ఆ దిగులు తట్టుకోలేకే చాలామంది రెండో సైకిల్‌కి దిగుతారు. చనిపోవాలనే ఆలోచనలు వస్తే ఒంటరిగా ఉండకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రొమ్ములో ముడి తగిలితే, మెడికల్ షాపులో క్లోమిఫీన్, టామోక్సిఫెన్ లాంటి ఈస్ట్రోజెన్‌ని అడ్డుకునే మాత్రలు అడిగి కొనుక్కోవడం కాదు, ఎండోక్రైనాలజిస్ట్‌కి (హార్మోన్ల డాక్టర్‌కి) చూపించాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకి అవే పరీక్షలు మళ్లీ చేయించి పాత రిపోర్టు పక్కన పెట్టుకుని చూడండి. పెళ్లి సంబంధాలు చూస్తున్నవాళ్లు సెమెన్ అనాలసిస్ కూడా చేయించుకోండి. కౌంట్ కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు, కొందరికి ఏడాది దాటుతుంది.