నాణేల సేకరణ నేర్చుకుందాం – 5: చార్మినార్ రూపాయిని పదిమందికి చూపించే ముందు

ముందు కిందటి పాఠంలో ఇచ్చిన పనికి జవాబు. 1918, 1943 నాటి రెండు బ్రిటిష్ రూపాయలను మామూలుగానూ, నీళ్లలో ముంచీ తూచి తేడా చెప్పమన్నాం. 1918 నాటి అయిదో జార్జి రూపాయి, 1943 నాటి ఆరో జార్జి రూపాయి రెండూ కాటా మీద 11.66 గ్రాములే తూగుతాయి. కొద్దిగా అరిగి ఉంటే ఆ మేరకు తగ్గుతాయి. నీళ్లు పోసిన గ్లాసును కాటా మీద పెట్టి, కాటాను సున్నా చేసి, నాణేన్ని దారంతో వేలాడదీసి ముంచినప్పుడు మాత్రం తేడా బయటపడుతుంది. అప్పుడు కాటా చూపేది నాణెం పక్కకు తోసిన నీటి బరువు. 1918ది 1.13 దగ్గర, 1943ది 1.22 దగ్గర ఆగుతుంది. మొదటి దానిలో వెండి 91.7 శాతం. 1940 నుంచి వెండిని 50 శాతానికి దించి రాగి, నికెల్, జింకు కలిపారు. ఆ లోహాలు వెండికన్నా తేలిక కాబట్టి అదే బరువుకు ఎక్కువ చోటు పడుతుంది, ఎక్కువ నీటిని తోస్తుంది.

మీకు 1.13కి బదులు 1.20 దాకా వచ్చిందా? నాణేనికి గాలిబుడగలు అంటుకుని ఉంటాయి. నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, ముంచేముందు నాణేన్ని తడిపితే పోతాయి. అంకె ఒక్కసారిగా 5, 6 గ్రాములకు ఎగిరిందంటే నాణెం గ్లాసు అడుగును తాకిందన్నమాట. లావు దారం కూడా తడిసి అంకె పెంచుతుంది. సన్నటి నైలాన్ పోగు చాలు. 0.1 గ్రాము వరకే చూపే వంటింటి కాటాతో ఈ పరీక్ష వద్దు. 0.01 గ్రాము చూపేది కావాలి.

ఈ పాఠానికి చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయిని తీసుకుందాం. మన ఇళ్లలో పాత పెట్టెల అడుగున ఎక్కువగా దొరికేదీ ఇదే, సేకర్తలు ‘కొత్తగా వచ్చింది’ అంటూ ఎక్కువగా చూపించుకునేదీ ఇదే. తప్పుగా చదివేదీ దీన్నే.

బరువు, నీళ్లు

హాలీ సిక్కా అంటే హైదరాబాద్ రాజ్యంలో నడిచిన నిజాం నాణెం. ఆ రూపాయి బరువు 11.18 గ్రాములు, అడ్డుకొలత 30 మిల్లీమీటర్లు, వెండి 81.8 శాతం. లెక్క వేస్తే లోపలి అసలు వెండి సుమారు 9.14 గ్రాములు. కల్దార్ అని పిలిచిన బ్రిటిష్ రూపాయిలో 10.69. మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే 0.855 వస్తుంది. 6ను 7తో భాగించినా 0.857. ‘ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు’ అని అప్పట్లో నడిచిన మారకం వెనక ఉన్నది ఈ వెండి లెక్కే. ఇంట్లో పెద్దవాళ్లు ‘రూపాయి ఎత్తు’ అని తూకం చెప్పేది కల్దార్ రూపాయితో, అంటే సరిగ్గా తులం, 11.66 గ్రాములు. హాలీ రూపాయి దానికన్నా దాదాపు అర గ్రాము తక్కువ. అందుకని 11.18 చూసి ‘అరిగిపోయింది’ అని రాసేయకండి.

నీళ్లలో మంచి హాలీ రూపాయి 1.10 చూపించాలి. 11.18ని 1.10తో భాగిస్తే 10.16. ఆ మిశ్రమ లోహానికి ఉండాల్సిన సాంద్రత అదే. మీ అంకె 1.09, 1.11 మధ్య ఉంటే నిశ్చింతగా ముందుకు వెళ్లండి. 1.25 చూపిస్తే అది రాగి–నికెల్‌తో పోత పోసిన నకిలీ నాణెం కావచ్చు. 1.30 దాటితే ఇత్తడి లేదా జర్మన్ సిల్వర్ (పేరుకే సిల్వర్, రాగి–నికెల్–జింకు మిశ్రమం) మీద వెండి పూత. అరుగుదల వల్ల బరువు తగ్గినా సాంద్రత మారదు, కాబట్టి అరిగిన నాణెం దగ్గర బరువుకన్నా ఈ భాగహారాన్నే నమ్మండి. అయస్కాంతానికి అంటుకుంటే ఇక నీళ్ల దాకా వెళ్లనక్కర్లేదు.

ఇక్కడ ఒక మోసం గురించి చెప్పాలి. నిజాం బంగారు నాణెమైన అష్రఫీ బరువు కూడా 11.18 గ్రాములే, దాని మీదా చార్మినారే. వెండి రూపాయికి బంగారు నీరు పట్టించి అష్రఫీగా చూపిస్తే కాటా ఏమీ పసిగట్టలేదు. నీళ్లలో మాత్రం అసలు అష్రఫీ 0.64 దగ్గర ఆగుతుంది, పూత రూపాయి 1.10 చూపిస్తుంది. రంగు చూసి మురిసిపోయే లోపే గ్లాసులో ముంచండి.

గుమ్మంలోని అక్షరం

చార్మినార్ బొమ్మ రూపాయి మీదికి వచ్చింది మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, హిజ్రీ 1321లో, అంటే 1903–04లో. ఆ బొమ్మ నడిమి గుమ్మంలో నిజాం పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. మహబూబ్ పేరుకు ‘మీమ్’: చిన్న గుండ్రటి తల, కిందికి జారిన తోక. ఉస్మాన్ అలీఖాన్ పేరుకు ‘ఐన్’: తిరగేసిన 3 అంకెలా, పైన చిన్న కొక్కెం, కింద పెద్ద వంపు. ఉర్దూ రాకపోయినా ఈ రెండూ గుర్తుపట్టగలిగితే ఏ నిజాముదో తేలిపోయినట్టే.

ఐన్‌లో ఇంకో మెలిక ఉంది. ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన తొలినాళ్ల అచ్చుల్లో, హిజ్రీ 1329, 1330 నాణేల మీద, పైకొక్కెం మాత్రమే ఉన్న ‘పొట్టి ఐన్’ కనిపిస్తుంది. 1330లోనే కింది వంపుతో సహా ‘పూర్తి ఐన్’ మొదలై ఆ తర్వాత అదే నిలిచింది. కాబట్టి 1330 రూపాయి చేతికొస్తే రెండింటిలో ఏదో తప్పకుండా చూసి రాయండి. సేకర్తలు వాటిని రెండు వేర్వేరు రకాలుగా లెక్కిస్తారు. చిక్కేమిటంటే, అరిగిన పూర్తి ఐన్ కింది వంపు మాసిపోయి పొట్టి ఐన్‌లాగే కనిపిస్తుంది. పది రెట్ల భూతద్దం పెట్టి గుమ్మం లోపలి చోటు చూడండి. పొట్టి ఐన్ అయితే కింద ఖాళీ శుభ్రంగా, చదునుగా ఉంటుంది. పూర్తి ఐన్ అరిగితే అక్కడ ఎత్తుపల్లాల జాడ మిగులుతుంది.

అంకెలు చదవడం

బొమ్మ వైపు, అంటే చార్మినార్ ఉన్న వైపు, హిజ్రీ సంవత్సరం ఉంటుంది. బొరుసు వైపు విలువ, టంకశాల పేరుతోపాటు నిజాం పాలన ఎన్నో ఏడో ఉంటుంది. టంకశాల పేరు ‘ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్’. అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి.

నాణెం మీద 92 అనే అంకె కూడా కనిపిస్తుంది. అది సంవత్సరం కాదు. అరబీ అక్షరాలకు విలువలు కట్టే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అనే పేరు మొత్తం అది: 40, 8, 40, 4. కొత్తవాళ్లు దీన్ని ‘1292’ అనుకుని నాణేన్ని ఉన్నపళంగా యాభై ఏళ్లు వెనక్కి తోసేస్తుంటారు.

అంకెల రూపాలు: 1 నిలువు గీత. 2 అదే గీత తలకు కుడిపక్కన ఒక పన్ను. 3 అయితే రెండు పళ్లు. 7 విచ్చుకున్న గరాటులా, పైకి తెరుచుకున్న కోణం. 8 దాన్నే బోర్లిస్తే గుడారం. 9 మన 9కి దగ్గరే. సున్నా వట్టి చుక్క. 4, 5, 6 అంకెలు అచ్చు చెక్కినవాడి చేతివాటాన్ని బట్టి కాస్త అటూ ఇటూ మారతాయి. వాటిని ఒక స్పష్టమైన నాణెం పక్కన పెట్టి పోల్చుకోవడమే దారి.

గదిలో దీపాలు ఆర్పి, ఫోన్ టార్చిని బల్లకు ఆనించినంత కిందగా పట్టి, నాణేన్ని మెల్లగా తిప్పండి. నేరుగా పైనుంచి వెలుతురు పడితే 3 మీది రెండు పళ్ల మధ్య సందు కనబడక అది 2 అయిపోతుంది. పక్కనుంచి పడితే ఒక్కో పన్నుకు ఒక్కో నీడ లేస్తుంది. నీడలు లెక్కపెట్టండి. సున్నా చుక్క దగ్గర మురికి గింజ మోసం చేస్తుంది. చుక్కకు చుట్టూ వాలుగా అంచు ఉంటుంది, మురికి మాత్రం గరుకుగా పైన కూర్చుని ఉంటుంది. పెన్సిల్ రుద్ది కాగితం మీదికి అచ్చు దించే పని చేయకండి, ఎత్తు భాగాలు మెరుగెక్కి పాడవుతాయి.

ఇప్పుడు బొమ్మ వైపు ఏటికీ బొరుసు వైపు ఏటికీ పొత్తు కుదరాలి. ఉస్మాన్ అలీఖాన్ 1911 ఆగస్టు 29న, హిజ్రీ 1329 రంజాన్ మాసంలో పాలనకు వచ్చారు. అంటే ఆయన మొదటి ఏడు 1329 రంజాన్ నుంచి 1330 రంజాన్ దాకా. రంజాన్ తొమ్మిదో నెల కాబట్టి ఒక హిజ్రీ ఏడులో మొదటి ఎనిమిది నెలలు ఒక పాలన ఏడు, మిగతావి తర్వాతి పాలన ఏడు. హిజ్రీ ఏడులోంచి 1329 తీసేయండి. వచ్చిన అంకె గానీ, దానికి ఒకటి కలిపింది గానీ బొరుసు మీద ఉండాలి. 1335 అయితే 6 లేదా 7.

1335 రూపాయి బొరుసు మీద మీకు 8 కనిపించిందనుకోండి. బొరుసు మీద చార్మినార్ లాంటి బొమ్మ లేదు, ఏది పైనో ఏది కిందో తెలియదు. తలకిందులుగా పట్టుకున్నప్పుడు 7 గుడారం అయిపోయి 8లా కనబడింది, అంతే. ‘అచ్చు తప్పిన అరుదైన నాణెం’ అని ప్రకటించే ముందు దాన్ని ఒకసారి తిప్పి చూడండి. తిప్పినా కుదరకపోతే బొమ్మ వైపు చివరి అంకెను మళ్లీ టార్చి కింద పెట్టండి. తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

హిజ్రీని క్రీస్తుశకంలోకి మార్చడానికి 0.97తో గుణించి 622 కలపండి. 1335కి 1916.95 వస్తుంది. ఆ ఏడు 1916 అక్టోబరులో మొదలై 1917 అక్టోబరులో ముగిసింది కాబట్టి 1916–17 అని రాయాలి. తెలంగాణలో పాత భూమి కాగితాలు చూసిన అలవాటుతో కొందరు ఫస్లీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) అనుకుని 590 కలిపి 1925 అంటారు. చార్మినార్ రూపాయి మీద ఉన్నది హిజ్రీ. ఇక సంవత్సరం కింద హైదరాబాద్ టంకశాల నక్షత్రం గుర్తు కోసం వెతికేవాళ్లూ ఉన్నారు. అది స్వతంత్ర భారత నాణేల సంగతి.

కడగాలా?

వద్దు. చింతపండు, నిమ్మరసం, కుంకుడు, పళ్లపొడి, ముగ్గు ఏదీ వద్దు. వెండి మీద పేరుకున్న నల్లటి, నీలిరంగు పొర దశాబ్దాల గంధకపు గాలి ఫలితం. దాన్ని తీస్తే కింద మెరుపు రాదు, సన్నటి గీతలతో తెల్లబోయిన ముఖం వస్తుంది. ఒక్క మినహాయింపు: పాత మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో ఉన్న నాణేల మీద ఆకుపచ్చ జిగురు తేలుతుంది. గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి, పొయ్యికి దూరంగా, కిటికీ తెరిచి, పది నిమిషాలు నానబెట్టి తీసి ఆరనివ్వండి. రుద్దొద్దు. గోళ్ల రంగు తీసే సీసాలో నూనె, వాసన కలుపుతారు, అది పనికిరాదు. ఆరాక పీవీసీ లేని మైలార్ కవర్లోకి మార్చండి.

పై అంచు దగ్గర ఒక బూడిదరంగు మచ్చ, అక్కడే అంచు గాట్లు నున్నగా ఉంటే అది టంకం వేసిన చోటు. ఒకప్పుడు కొక్కెం పెట్టి మెడలో వేసుకున్న రూపాయి అది. గీకి తీయడానికి చూడకండి. మచ్చ ఉన్నట్టు రాసుకుంటే చాలు.

చూపించడం

మూడు విషయాలు కలిపేయకుండా విడిగా రాయండి: కొలిచింది, చదివింది, అనుకుంటున్నది. మాదిరికి ఒక చీటీ:

‘హైదరాబాద్ రూపాయి. కొలిచింది: 11.14 గ్రా., 30 మి.మీ., నీటిలో 1.10, అయస్కాంతానికి అంటదు. చదివింది: గుమ్మంలో పూర్తి ఐన్, హిజ్రీ 1335, పాలన ఏడు 6, చివరి 5 పైభాగం అరిగింది. అనుకుంటున్నది: పై అంచున టంకం జాడ, ఎడమ మీనార్ అరిగిందో, అచ్చు సరిగా పడలేదో తెలియడం లేదు.’

ఈ చివరి వాక్యం ఉంటేనే ఎదుటివాళ్లు పనికొచ్చే జవాబు ఇవ్వగలరు. మీనార్ పక్కనున్న ఖాళీ మైదానంలో పాత మెరుపు ఇంకా ఉండి, గీతలు మాత్రం లేకపోతే అచ్చు బలంగా పడనట్టు. మైదానం, గీతలు రెండూ ఒకేలా నున్నబడితే అరుగుదల. బొమ్మ, బొరుసు, అంచు మూడింటి ఫొటోలు పెట్టండి. ఫోన్‌ను రెండు పుస్తకాల దొంతుల మధ్య సమంగా పడుకోబెట్టి, గడియారంలో పది, రెండు అంకెలుండే దిక్కుల్లో రెండు దీపాలు పెడితే నీడలు సరిపోతాయి. ఫ్లాష్ వద్దు. ఒకవైపు మసక ఫొటో పెట్టి ‘దీనికి ఎంత వస్తుంది?’ అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. చెప్పేవాళ్లుంటే వాళ్లు కొనడానికి వచ్చినవాళ్లు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని మామూలు వ్యక్తులు దేశం దాటించకూడదు. పైన చెప్పిన 1335 రూపాయి ఆ లెక్కలోకి వస్తుంది. సెలవులకు వచ్చి తాతగారి పెట్టెలోంచి తీసి సూట్‌కేసులో వేసుకునే ముందు ఇది గుర్తుంచుకోండి. పొలంలో, పాత గోడలో పాతిపెట్టి దొరికినవైతే 1878 నాటి నిధి చట్టం వర్తిస్తుంది. విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి.

ఈసారి పని

ఒక నాణెం చీటీ ఇలా ఉంది: బరువు 11.05 గ్రా., నీటిలో 1.24, అంచు వెంబడి సన్నటి గీత. గుమ్మంలో పొట్టి ఐన్. బొమ్మ వైపు 1337, బొరుసు వైపు 3. ఇందులో ఒకదానికొకటి పొసగని సంగతులు ఎన్ని? ఏ ఒక్కటి పట్టుకుంటే మిగతావి చూడకుండానే పక్కన పెట్టేయొచ్చు? జవాబు ఆరో పాఠంలో, రెండు పైల చిల్లు నాణెంతోపాటు.