దార్ ఎస్ సలామ్‌లో జిమ్ వెతకడం: ముందు గాలి, తరువాతే యంత్రాలు

మా మేనల్లుడు బరంపురం నుంచి టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌కు ఉద్యోగానికి వెళ్తూ, అద్దె ఇంటి సంగతీ తిండి సంగతీ పక్కన పెట్టి, ‘‘అక్కడ మంచి జిమ్ ఉంటుందా మావయ్యా?’’ అని అడిగాడు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచిన రవికుమార్ పుట్టిన ఊరు మాది కనుక, ఇక్కడి కుర్రాళ్లకు బరువుల మీద ఆ మాత్రం మోజు ఉండటంలో వింతేమీ లేదు. ఆ నగరంలో కొన్నేళ్లు గడిపి వచ్చినవాణ్ని కాబట్టి వాడికి చెప్పినదే గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి వెళ్లే మిగతావారికీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో అక్కడ పగటి వేడి 32 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మే నెల బరంపురం చూసినవారికి అది ఒక వేడిగా తోచదు, మోసం అక్కడే ఉంది. హిందూ మహాసముద్రం ఒడ్డున ఉన్న ఊరు కావడంతో గాలి నిండా తేమ ఉంటుంది. చెమట ఆరినప్పుడే ఒళ్లు చల్లబడుతుంది, తేమ గాలిలో చెమట ఆరక ధారగా కారిపోతుంది తప్ప వేడిని వెంట తీసుకుపోదు. అందుచేత ఆ ఊళ్లో జిమ్ ఎంచుకునేటప్పుడు యంత్రాల సంఖ్యను కాదు, గాలి ఆడే తీరును చూడాలి.

చూడటానికి వెళ్లే వేళ కూడా ముఖ్యమే. మీరు రోజూ సాయంత్రం ఆరింటికి వెళ్లదలచుకుంటే సరిగ్గా ఆ వేళకే, జనం నిండుగా ఉన్నప్పుడే వెళ్లి, ఏమీ చేయకుండా పది నిమిషాలు లోపల నిలబడండి. చొక్కా వీపుకు అంటుకుపోయినా, అద్దాల మీద ఆవిరి పట్టి మీ ముఖం మసకగా కనిపించినా, ఏసీ ఉందని వాళ్లు ఎంత చెప్పినా అది ఆ గదికి చాలడం లేదని అర్థం. ఏసీ లేనంత మాత్రాన తోసిపుచ్చనక్కర లేదు. రెండు వైపులా కిటికీలు తెరిచి ఉండి, పెద్ద ఫ్యాన్లు మనిషి మీదికి నేరుగా విసిరే చోటు, బిగించిన గదిలో ఒక్క పాత ఏసీ కన్నా నయమని నా అభిప్రాయం. గాలి వేడి మన చర్మపు వేడి కన్నా తక్కువగా ఉన్నంతసేపూ ఫ్యాన్ మేలే చేస్తుంది, ఆ ఊళ్లో చాలా రోజులు అలాగే ఉంటాయి.

తరువాత బరువుల దగ్గరికి వెళ్లి ఇనుప కడ్డీని గట్టిగా పట్టుకుని వదిలి అరచేయి చూసుకోండి. గోపాలపూర్ ఒడ్డున ఇళ్ల గేట్లకు పట్టినట్టే అక్కడా ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. చేతికి ఎర్రటి పొడి అంటితే ఆ కడ్డీని ఎవరూ తుడవడం లేదన్నమాట. కడ్డీనే తుడవనివారు బల్లల మీది చెమటను తుడుస్తారని నేను నమ్మను. తేమలో తామర త్వరగా అంటుకుంటుంది. కాబట్టి బల్ల మీద పరచడానికి ఒకటి, ఒళ్లు తుడుచుకోవడానికి ఒకటి సొంత తువ్వాళ్లు ఉంచుకుని, స్నానాల గదిలో చెప్పులు విడవకుండా, తడి బట్టలతో ఇంటిదాకా రాకుండా ఉండాలి.

కరెంటు పోతుంది. జెనరేటర్ ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు, అడగవలసింది అది ఏసీకీ ఫ్యాన్లకూ కూడా ఇస్తుందా, దీపాలకేనా అని. నేను ఈ ప్రశ్న వేయకుండా ఒకచోట ఏడాది రుసుము ఒకేసారి కట్టాను. రెండో నెలలో ఏసీ చెడితే బాగు చేయించడానికి ఆరు వారాలు పట్టింది, డబ్బు మాత్రం తిరిగి రాలేదు. మొదట ఒక్కరోజు రుసుముతో రెండు మూడు చోట్ల చేసి చూసి, తరువాత నెలకు నెల కట్టుకోండి. ఏడాది తగ్గింపు ఎంత ఊరించినా వానాకాలం ఒకటి గడిచేదాకా ఆగండి. మార్చి నుంచి మే దాకా పడే పెద్ద వానలకు కొన్ని దారులు నీట మునిగినప్పుడు గానీ మీ జిమ్ నిజంగా ఎంత దూరమో తెలియదు.

దూరం మాటకొస్తే, ఇల్లు నగరం నడిబొడ్డున ఉపాంగాలోనో కిసుతు వైపో ఉన్నవారు, దూరంగా ఉండే మసాకీ పేటలోని మెరిసే జిమ్‌ల మీద మనసు పడకపోవడం మంచిది. సాయంత్రం రద్దీలో బజాజీలో కూర్చుంటే (మన ఆటోనే అక్కడ అలా పిలుస్తారు) వ్యాయామానికి ముందే సగం చెమట అయిపోతుంది. నడిచి పది నిమిషాల్లో చేరగలిగే మామూలు జిమ్మే చివరికి నిలుస్తుంది.

వేళల విషయంలో ఒక చిక్కు ఉంది. స్వాహిలీలో గంటలను, మన పాత ఘడియల లెక్కలాగా, పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కిస్తారు. ‘సా మోజా’ అంటే మాటకు ఒంటిగంటే అయినా మన గడియారంలో ఏడు గంటలు. గేటు దగ్గరి పెద్దాయన ఆ మాట చెబితే నేను మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం మానుకుని వెళ్లాను. ఉదయం ఏడుకు తెరిచి పదకొండుకు మూసేసే ఆ చిన్న జిమ్ తలుపుకు తాళం వేలాడుతోంది. అందుకే చెప్పిన గంటకు ఆరు కలుపుకోండి, లేదా గడియారంలో ముల్లు చూపించి అడగండి.

చేరిన మొదటి రెండు వారాలు ఇక్కడ ఎత్తిన బరువులో సగమే ఎత్తండి. కొత్త ఎండకు ఒళ్లు అలవాటు పడి, చెమట త్వరగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం మొదలుకావడానికి దాదాపు అంతకాలం కావాలి. తల తిరిగినా, వికారం కలిగినా, కండరాలు పట్టేసినా వెంటనే ఆపి నీడకు చేరాలి. మాటలు తడబడేంత దూరం వస్తే ఆస్పత్రే గతి. ఒళ్లునొప్పులతో జ్వరం వస్తే మాత్రం బరువులెత్తడం వల్లనేమోనని సరిపెట్టుకోకుండా ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించుకోవాలి.

తాగడానికి సీసాల్లో అమ్మే రంగునీళ్ల కోసం డబ్బు పోయనక్కర లేదు. వీధుల్లో ‘మదాఫు’ పేరుతో లేత కొబ్బరి బొండాలు అమ్ముతారు. అన్నం రోజూ వండుకునేవారికి తరవాణి కుండ పెట్టుకోవడం ఏమంత పని కాదు. రాత్రి మిగిలిన అన్నంలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి మూతపెడితే తెల్లవారేసరికి పులుపెక్కుతుంది, ఉప్పు, చిన్న ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి జిమ్ నుంచి రాగానే తాగవచ్చు. ఆ వేడికి మధ్యాహ్నం దాకా ఉంచితే మాత్రం పారబోయవలసిందే.