కాలిన హార్డ్‌డిస్క్ బోర్డు మీద చెయ్యి వేసే ముందు

వైశాఖం వచ్చిందంటే మన దక్షిణ ఒడిశా వైపు పెళ్ళిళ్ళూ గాలివానలూ కలిసే వస్తాయి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురంలో స్టూడియోలు నడిపేవాళ్ళ దగ్గర టెరాబైట్ల కొద్దీ వీడియోలు పోగయ్యేదీ అప్పుడే, సాయంత్రాలు పిడుగులు పడేదీ అప్పుడే. ఒడిశా ప్రభుత్వం 2015లో పిడుగును రాష్ట్ర విపత్తుల జాబితాలో చేర్చింది. పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఫోన్లో పెట్టుకోండి. అలర్టు రాగానే స్విచ్ కట్టేసి ఊరుకోకుండా ప్లగ్గే పీకండి, ఇంటర్నెట్ వైరు కూడా తీసేయండి.

అయినా నా బల్ల మీదికి వచ్చే కాలిన డిస్కుల్లో పిడుగు వాటా తక్కువే. ఎక్కువగా వచ్చేవి న్యూట్రల్ తెగినవీ, తప్పు అడాప్టర్ గుచ్చినవీ. గాలికి స్తంభం దగ్గర న్యూట్రల్ పోతే 230 వోల్టులు రావాల్సిన ఇంట్లోకి 400 దాకా రావచ్చు. లైట్లు ఉన్నట్టుండి తెల్లగా మండినా, ఫ్యాను రేగిపోయినా ముందు మెయిన్ ఆపండి, లైన్‌మ్యాన్‌కి తర్వాత ఫోన్ చేయొచ్చు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్ళం కదా, రోజుల తరబడి లేని కరెంటు రాగానే అన్నీ ఆన్ చేయాలనిపిస్తుంది. మల్టీమీటరుతో ప్లగ్గు పాయింటు చూసుకున్నాకే కంప్యూటరు జోలికి వెళ్ళండి. పెళ్ళి పందిట్లో జనరేటరు కరెంటు మీద కెమెరా మెమరీ కార్డులు కాపీ చేసేవాళ్ళకీ ఇదే మాట. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచే చిన్న డిస్కు వాడితే ఆ గొడవే ఉండదు.

అడాప్టర్ సంగతి మరీ దారుణం. బల్ల మీద పెట్టుకునే పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కుకు 12 వోల్టులు కావాలి, చాలా ల్యాప్‌టాప్ అడాప్టర్లు ఇచ్చేది 19. పిన్ను మాత్రం చాలాసార్లు చక్కగా దూరిపోతుంది. ప్రతి అడాప్టర్ తీగకీ చీటీ కట్టి ఏ డిస్కుదో రాయండి. ఊడదీసే తీగలున్న ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటరు లోపల కరెంటు ఇచ్చే డబ్బా) మార్చేటప్పుడు పాత తీగలు కొత్తదానికి తగిలించొద్దు. డిస్కు వైపు కొస ఒకేలా ఉంటుంది గానీ, ఎస్‌ఎమ్‌పీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం. 5 వోల్టుల చోటికి 12 వెళ్ళిపోతుంది.

ఇక డిస్కు కాలిందే అనుకుందాం. పనిముట్లు తీయకముందు చెవులతో వినండి. టిక్కుటిక్కుమంటుంటే తప్పు చాలావరకు లోపల డేటా చదివే హెడ్లది. చిన్న డిస్కు సన్నగా బీప్‌మంటే హెడ్లు అతుక్కున్నాయనో, మోటారు బిగుసుకుందనో అర్థం. ఈ రెండింటికీ డిస్కు అడుగున ఉండే సర్క్యూట్ బోర్డును బాగుచేసి లాభం లేదు, మళ్ళీ మళ్ళీ కరెంటు ఇచ్చి చూడొద్దు. ఏ చప్పుడూ లేకుండా, ఆ డిస్కు తగిలిస్తే కంప్యూటరే లేవక, తీసేస్తే లేస్తే మాత్రం ఆశ ఉంది. బోర్డు మీద షార్టు ఉంది కాబట్టి ఎస్‌ఎమ్‌పీఎస్ తనను తాను ఆపుకుంటోంది.

ఆ షార్టు చాలాసార్లు టీవీఎస్ డయోడ్‌ది. పెద్ద డిస్కులో సాధారణంగా ఇవి రెండు, 12 వోల్టులకు ఒకటి, 5 వోల్టులకు ఒకటి, పవరు కనెక్టరు పక్కనే నల్లగా కనిపిస్తాయి. చిన్న డిస్కుకు వచ్చేది 5 వోల్టులే. వోల్టేజీ మితిమీరితే తాము షార్టయిపోయి వెనకున్న చిప్పులను కాపాడటమే వీటి పని. డిస్కును అన్ని తీగల నుంచీ విడదీసి, చిన్న టార్క్స్ బిట్‌తో, చాలావాటికి టీ6, బోర్డు విప్పండి. మీటరు బీప్‌లో పెట్టి డయోడ్ రెండు కొసలూ ముట్టించండి, తర్వాత వైర్లు తిప్పి ముట్టించండి. రెండువైపులా సున్నాకు దగ్గరగా చూపిస్తే షార్టు ఉన్నట్టే. అయితే ఆ లైను మీదున్న కెపాసిటరో, మోటారు నడిపే చిప్పో షార్టయినా మీటరు అలాగే అరుస్తుంది. డయోడ్ తీశాక మళ్ళీ కొలవాలి. సున్నా అలాగే ఉంటే, లేదా మోటారు చిప్పు మీద బొబ్బో కన్నమో కనిపిస్తే, ఆ బోర్డుకు కరెంటు ఇవ్వొద్దు. ఆ పక్కన ఫ్యూజులాంటి చిన్న ముక్క తెగిందేమో కూడా చూడండి.

డయోడ్‌ను ఫ్లక్సు వేసి సోల్డరింగ్ ఐరన్‌తో దించండి, కటింగ్ ప్లయరుతో పీకితే కింద రాగి గీత లేచిపోతుంది. ఇక్కడో హెచ్చరిక చెప్పాలి, ఇది చాలామంది చెవిన పెట్టరు. డయోడ్ లేకుండానూ డిస్కు లేస్తుంది, మామూలుగానే నడుస్తుంది. కానీ ఇప్పుడు దానికి కాపలా ఎవరూ లేరు. కొత్త డయోడ్ వేయకుండా రోజువారీ పనికి వాడటం నాకు మూర్ఖత్వంగానే తోస్తుంది. కొలిచి చూసిన వేరే ఎస్‌ఎమ్‌పీఎస్ మీద, 12 లైను 11.4 నుంచి 12.6 మధ్య, 5 లైను 4.75 నుంచి 5.25 మధ్య ఉందని చూసుకుని, ఒకే ఊపులో మొత్తం కొత్త డిస్కులోకి కాపీ చేసేయండి. మధ్యలో విండోస్ చెక్‌డిస్క్ చేయమంటావా అని అడిగితే వద్దనండి.

బోర్డు మార్చడం గురించి మార్కెట్లో పెద్ద భ్రమ ఉంది. అదే మోడలు డిస్కు సెకండ్‌హ్యాండ్‌లో కొని, బోర్డు విప్పి బిగిస్తే అయిపోతుందనుకుంటారు. పాత డిస్కులకు కొన్నిసార్లు అలా అయ్యేది. ఇప్పటి డిస్కుల్లో ఒక్కోదాని హెడ్లకు తగ్గ కొలతలు బోర్డు మీది ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పులో రాసి ఉంటాయి. అది మారకుండా బోర్డు మాత్రమే మార్చితే కంప్యూటరు డిస్కును గుర్తించదు, లేదా టిక్కుటిక్కుమంటుంది. కాబట్టి పాత బోర్డు చిప్పును కొత్త బోర్డుకు మార్చాలి. కొన్ని వెస్టర్న్ డిజిటల్ బోర్డుల్లో ఆ చిప్పు చోటు ఖాళీగా ఉంటుంది, ఆ సమాచారం పెద్ద చిప్పులోనే ఉంటుంది. అది ఇంట్లో చేసే పని కాదు. కొత్త బోర్డు వెతికేటప్పుడు స్టిక్కరు మీది మోడలు కాదు, బోర్డు మీద అచ్చయిన నంబరే చూడండి. వెస్టర్న్ డిజిటల్‌వి 2060తో, సీగేట్‌వి 100తో మొదలవుతాయి.

చిప్పు దించేముందు, చిప్పులోని సమాచారం చదివే ప్రోగ్రామర్ అనే పరికరంతో చదివి రెండు కాపీలు తీసి, రెండూ ఒకటేనా అని సరిపోల్చండి. చవగ్గా దొరికే నల్ల సీహెచ్341ఏ ప్రోగ్రామర్లలో కొన్ని 3.3 వోల్టుల చిప్పుకు డేటా కాళ్ళ మీద 5 వోల్టులు పంపుతాయి, ముందు మీటరుతో కొలవాలి. చిప్పు మీది చుక్క ఎటువైపుందో ఫోటో తీసుకోండి. హాట్ ఎయిర్ వాడితే చుట్టుపక్కల వేడి తట్టుకునే టేపు వేయండి, లేకపోతే ఇసుక రేణువంత ముక్కలు ఎగిరిపోతాయి.

వేడి పని రాకపోతే ఇక్కడితో ఆగండి. డిస్కు మూత మాత్రం ఎవరూ తెరవొద్దు, ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా అసలే వద్దు. చలికి లోపల చెమ్మ పడుతుంది. కాలిన బోర్డును కూడా పారేయొద్దు. యూఎస్‌బీ పోర్టు బోర్డు మీదే ఉండే కొన్ని డిస్కుల్లో మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా డేటా తాళం వేసినట్టే రాసి ఉంటుంది, ఆ బోర్డు చిప్పులు లేకుండా చదవడం చాలా కష్టం.

విశాఖకో భువనేశ్వర్‌కో పంపాల్సి వస్తే డిస్కు, అసలు బోర్డు, ఊడిన ముక్కలు, చిప్పు కాపీ ఉన్న పెన్‌డ్రైవు అన్నీ ఒకే డబ్బాలో పెట్టండి. డిస్కుకీ బోర్డుకీ యాంటీస్టాటిక్ కవరు, చుట్టూ ఫోము ఉండాలి. ఏం జరిగింది, ఏ అడాప్టర్ గుచ్చారు, ఏ డయోడ్ దించారు, ఎన్నిసార్లు కరెంటు ఇచ్చారు అన్నీ ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి. ఒడియాలోనో తెలుగులోనో కాదు, అవతలి టెక్నీషియన్ ఎవరైనా చదవగలిగేలా ఇంగ్లీషులో రాయడం మంచిది.