బతుకమ్మ ఒరిగిపోకుండా పేర్చడం ఎలా?

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు ఏ చెరువు గట్టుకు పోయినా ఇదే కనిపిస్తుంది. ఇంట్లో నిటారుగా నిలబడ్డ బతుకమ్మ గట్టు చేరేసరికి ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, లేదంటే నడుము దగ్గర పూలు ఊడి తాంబాలంలో పడి ఉంటాయి. పాపం, అందరూ పూలు వాడిపోయాయంటారు. పూల తప్పేం లేదు, లోపల సరిగ్గా నింపలేదు.

కావలసినవి తంగేడు, గునుగు, బంతి, చామంతి, దొరికితే కట్లపూలు, పట్టుకుచ్చులు. ఒక గుమ్మడి పువ్వు, నాలుగైదు గుమ్మడి ఆకులు, దారం, ఇత్తడి తాంబాలం. ప్లాస్టిక్ ట్రే వద్దు, బరువుకు వంగుతుంది. తంగేడు, గునుగు లేకుండా బంతిపూలు ఎన్ని కిలోలు పేర్చినా దాన్ని నేను బతుకమ్మ అనను. తంగేడు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. గునుగేమో చేన్లో రైతు కలుపని పీకేసే మొక్క. భాద్రపద అమావాస్య నాటికి రెండూ విరగబూసి ఉంటాయి. ఆ కాలంలో మన నేల ఇచ్చే పూలనే అమ్మవారిగా నిలబెట్టే పండుగ ఇది, వాటిని వదిలి పూల మార్కెట్ మీద పడితే ఎలా?

గునుగు రెండు రోజుల ముందే తెచ్చుకోవచ్చు, వాడదు. కొంత తెల్లగా ఉంచి, మిగతా పూలను తల వరకే రంగు నీళ్లలో ముంచి, దులిపి, నీడన ఆరబెట్టండి. తడి ఆరకుండా పేరిస్తే రంగు కారి కింది వరసలోని తంగేడు పాడవుతుంది. పండుగ మొదటి రోజు, ఎంగిలి పూల నాడు, ముందు రోజు కోసిన పూలు పెట్టడం చాలా ఊళ్లలో అలవాటే. సద్దుల నాడు మాత్రం తంగేడు ఆ పొద్దున కోసిందే కావాలి. తెచ్చాక తడి గుడ్డలో చుట్టి పెట్టండి, నీళ్లలో నానబెట్టకండి.

పూలన్నీ చిన్న చిన్న కట్టలు కట్టి, కాడలు ఒకే కొలతకు కోయండి. బెత్తెడు చాలు. జానెడు కాడలు ఉంచితే పైవరసలు సన్నబడే కొద్దీ మధ్యలో ఒకదాని మీద ఒకటి ఎక్కి నింపడానికి చోటే మిగలదు. కోసిన ముక్కలు పారేయకండి, వాటితోనే పని.

తాంబాలంలో గుమ్మడి ఆకులు పరిచి, పూల తలలు బయటికి, కాడలు లోపలికి ఉండేలా మొదటి వరస తంగేడుతో గుండ్రంగా పేర్చండి. ఇక్కడి నుంచి తొందర పనికిరాదు. పువ్వు తల లావు, కాడ సన్నం. అందుకే వరస పెరిగే కొద్దీ అంచు ఎత్తుగా లేస్తుంది, మధ్యలో గుంట పడుతుంది. గుంటను అలాగే వదిలేస్తే మూడు నాలుగు వరసలు పైకి లేచేసరికి కాడలు లోపలికి జారతాయి, పూలు ఆకాశంలోకి చూస్తాయి, కాసేపటికి వరసంతా విచ్చుకుంటుంది.

కాబట్టి ప్రతి వరస తర్వాత మధ్యలో నింపాల్సిందే. నాలుగు వరసలు పేర్చి ఒకేసారి నింపుదామంటే కుదరదు. గునుగు కాడల ముక్కలు, తంగేడు ఆకు, విరిగిన పూలు చిన్నగా తుంచి వేయండి. కొమ్మలు కొమ్మలుగా కుక్కితే మధ్యలో సందులు ఉండిపోయి, నడిచేటప్పుడు అవే కుంగుతాయి. వేసింది అరచేత్తో గట్టిగా అదమండి. నింపింది పూల తలలకు సమానంగా రావాలి. అంతకన్నా ఎత్తయితే పూలు కిందికి వంగి, పై వరస బయటికి జారుతుంది. తర్వాతి వరస అర వేలు లోపలికి జరిపి పెట్టండి. రెండు మూడు వరసలకోసారి తాంబాలం పట్టుకుని కొద్దిగా ఊపి చూడండి. ఏ వరస కదిలితే అక్కడి దాకా తీసి మళ్లీ పేర్చండి, పైన ఇంకో వరస వేస్తే సర్దుకుంటుందనుకోవద్దు.

మధ్యలో థర్మోకోల్ దిమ్మె పెట్టి చుట్టూ పూలు గుచ్చేవాళ్లున్నారు. నిలబడుతుంది, ఒప్పుకుంటాను. కానీ దాన్ని తీసుకెళ్లి చెరువులో వేస్తే, పూలు నాలుగు రోజుల్లో కుళ్లిపోతాయి, దిమ్మె మాత్రం అలాగే ఉంటుంది. నీళ్లను, పంటను మొక్కే పండుగలో ఆ పని చేయకూడదు.

కొసన గుమ్మడి పువ్వు, దాని మీద పసుపు గౌరమ్మ. పక్కన ఒక చిన్న తోడు బతుకమ్మను కూడా పేర్చండి.

ఎత్తేటప్పుడు ఇద్దరు పట్టాలి. చెరువులో తాంబాలాన్ని వంచి కుమ్మరించకండి, బోర్లా పడుతుంది. ముందు గౌరమ్మను తీసి పక్కన పెట్టుకోండి. తాంబాలాన్ని మెల్లగా నీళ్లలోకి దించితే గుమ్మడి ఆకుల కిందికి నీళ్లు చేరి బతుకమ్మ దానంతటదే లేస్తుంది. అప్పుడు తాంబాలాన్ని కింది నుంచి లాగేయండి.