ఆర్డరు రద్దు, కొనుగోలుదారు రివ్యూ: తగాదా వచ్చినప్పుడు ఏం చేయాలి

ఆన్‌లైన్‌లో పెట్టిన ఆర్డరు రద్దయినప్పుడు వచ్చే పేచీ ఎంత పెద్దదైనా చివరికి రెండు ప్రశ్నల దగ్గరే తేలుతుంది: రద్దు బటన్ నొక్కింది ఎవరు, కారణం కింద ఏమని నమోదైంది? ఈ రెండింటికీ సరైన జవాబు రికార్డులో ఉంటే మిగతాది ఓపికతో నడిచే పని. లేకపోతే న్యాయం మన వైపే ఉన్నా ఫిర్యాదు నిలవదు. రివ్యూల తగాదా దీనికి పూర్తిగా భిన్నమైనది, అది మాటలకు సంబంధించినది. ఈ రెండింటినీ కలిపేసి, డబ్బు తిరిగి ఇవ్వకపోతే ఒక స్టారు ఇస్తాననో, రివ్యూ తీసేస్తేనే డబ్బు ఇస్తాననో బేరం మొదలుపెట్టినప్పుడే వ్యవహారం చెడిపోతుంది. మా ఇంట్లో రెండు పక్షాలూ ఉన్నాయి. నేను కొనేవాణ్ణి, మా వదిన బెంగళూరు మారతహళ్ళిలోని ఇంటి నుంచే మంగళగిరి నూలు చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మూడేళ్ళ క్రితం ఉగాదికి నెల్లూరులో ఉన్న అమ్మకు చేరేలా ఒక వెట్ గ్రైండరు ఆర్డరు పెట్టాను. మర్నాడు అమ్మకందారు ఫోన్ చేసి, "సార్, స్టాకు అయిపోయింది. మా వైపు నుంచి రద్దు చేస్తే డబ్బు రావడానికి చాలా రోజులు పడుతుంది, మీరే క్యాన్సిల్ కొట్టేయండి, వెంటనే వచ్చేస్తుంది" అని ఎంతో మర్యాదగా చెప్పాడు. నేను సరేనని యాప్ తెరిచి, కారణాల వరుసలో అన్నిటికన్నా పైన ఉన్న "ఇక అవసరం లేదు" అన్నదాన్ని నొక్కేశాను. డబ్బు వచ్చింది కానీ వాడిన కూపను తిరిగి రాలేదు. పండగ తగ్గింపు ముగిసి ధర పెరిగింది. కస్టమర్ కేర్ వారు "రద్దు చేసింది మీరే కదా" అన్న ఒక్క వాక్యంతో ఫిర్యాదు మూసేశారు. వాళ్ళ ముందున్న రికార్డు చూస్తే వాళ్ళను తప్పుపట్టడానికి కూడా లేదు.

అమ్మకందారు ఎందుకు అలా అడుగుతాడంటే, తాను రద్దు చేసిన ప్రతి ఆర్డరూ అతని లెక్కలో మచ్చగా పడుతుంది. ఉదాహరణకు అమెజాన్‌లో, సొంతంగా సరుకు పంపుకునే అమ్మకందారు రవాణాకు ముందే రద్దు చేసే ఆర్డర్లు 2.5 శాతానికి లోపే ఉండాలి. ఆ హద్దు దాటితే ఖాతాకే ముప్పు. ఆ మచ్చను మన చేత తుడిపించుకోవడమే ఆ మర్యాదకరమైన ఫోన్ కాల్ ఉద్దేశం. అందువల్ల అలాంటి ఫోన్ వచ్చినప్పుడు ఏమీ నొక్కకుండా, యాప్‌లోని చాట్‌లో ఈ నాలుగు ముక్కలు రాయాలి: "ఈ రోజు ఉదయం 11 గంటలకు ఫోన్ చేసి స్టాకు లేదని చెప్పారు. నాకు ఆ వస్తువు కావాలి. పంపలేకపోతే మీ వైపు నుంచే రద్దు చేసి, కారణం స్టాకు లేకపోవడమని నమోదు చేయండి." ఫోన్‌లో అన్న మాట గాలికి పోతుంది, చాట్‌లో పడినది తేదీ, సమయంతో సహా నిలుస్తుంది. అమ్మకందారు సొంత వాట్సాప్‌కు రమ్మంటే వెళ్ళకూడదు. అక్కడ నడిచిన సంభాషణను తాము పరిగణనలోకి తీసుకోబోమని వేదికవారు, అంటే ఆ షాపింగ్ యాప్ నడిపే సంస్థవారు, తేలిగ్గా చెప్పగలరు.

ఒకవేళ రద్దు చేయవలసింది నిజంగా మీరే అయితే, రుసుము విషయంలో ఒక నియమం తెలిసి ఉండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఆర్డరు ఖరారైన తరువాత కొనుగోలుదారు రద్దు చేసినందుకు రుసుము వసూలు చేయాలంటే, తామే ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు అలాంటి రుసుమునే ఆ సంస్థ కూడా భరించాలి. తమకు లేని జరిమానా మనకు వేయడం కుదరదన్నమాట. కస్టమర్ కేర్‌తో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క నియమం పేరు చెబితే అవతలి గొంతు మారడం నేను స్వయంగా విన్నాను. అయితే దీనికి మించి ఆశ పెట్టుకోకూడదు. ధర తప్పుగా పడిందంటూ అమ్మకందారు రద్దు చేసినప్పుడు, అదే ధరకు వస్తువు ఇప్పించమని పట్టుబట్టడం చాలాసార్లు నెగ్గదు, ఎందుకంటే సరుకు బయలుదేరినప్పుడే అమ్మకం ఖరారైనట్టని చాలా వేదికలు తమ షరతుల్లో రాసుకుంటాయి. చెల్లించిన మొత్తం డబ్బు మాత్రం రావలసిందే.

రద్దులో ఇంకో రకం ఉంది, బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి ఇది బాగా పరిచయం. రోజంతా ఇంట్లోనే ఉంటాం, సాయంత్రానికి యాప్‌లో "డెలివరీకి ప్రయత్నించాం, కస్టమర్ అందుబాటులో లేరు" అని పడుతుంది, ఇలా రెండు మూడు సార్లయ్యాక ఆర్డరు దానంతట అదే రద్దవుతుంది. దీనికి మంచి సాక్ష్యం గేటు దగ్గరే దొరుకుతుంది. వచ్చినవారి పేరు, సమయం సెక్యూరిటీ వారు ఫోన్‌లోనో పుస్తకంలోనో ఎక్కిస్తారు కదా, ఆ రోజు ఆ సంస్థ మనిషి ఎవరూ లోపలికి రాలేదని చూపే పేజీని ఫొటో తీసి ఫిర్యాదుకు జతచేయాలి. ఆ రోజు మీ ఫోన్‌కు వచ్చిన కాల్స్ జాబితా కూడా పెట్టాలి. పీజీలో ఉండేవారికి ఈ సదుపాయం తక్కువ కనుక, అలాంటి సందేశం పడిన అయిదు నిమిషాల్లోనే "నేను ఇక్కడే ఉన్నాను, ఎవరూ రాలేదు" అని చాట్‌లో రాసిపెట్టడం మేలు. సరుకు చేతికి రాకుండా డెలివరీ ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకూడదు. అది చెప్పాక వస్తువు రాలేదని రుజువు చేయడం చాలా కష్టం.

డబ్బు వాపసు దగ్గర చాలామంది రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తారు. డబ్బు ఖాతా నుంచి పోయి ఆర్డరే నమోదు కాకపోతే అది విఫలమైన చెల్లింపు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, యూపీఐ ద్వారా వ్యాపారికి చేసిన అలాంటి చెల్లింపు, లావాదేవీ జరిగిన రోజు కాక అయిదు రోజుల్లో తిరిగి జమ కావాలి, ఆలస్యమైతే ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున ఇవ్వాలి. ఆర్డరు నమోదై తరువాత రద్దయితే ఈ వంద రూపాయల లెక్క వర్తించదు. అక్కడ చూడవలసింది వేదిక చెప్పిన రీఫండ్ గడువు. "రీఫండ్ చేసేశాం" అని వాళ్ళు అన్నారంటే ఆ లావాదేవీని బ్యాంకు గుర్తుపట్టే సంఖ్యను, అంటే యూపీఐ అయితే యూటీఆర్ నంబరు, కార్డయితే ఏఆర్ఎన్ నంబరు అడిగి తీసుకుని, బ్యాంకుకు దాన్నే చూపించాలి. ఆ నంబరు లేకుండా బ్యాంకుకు వెళితే వాళ్ళు వీళ్ళ మీద, వీళ్ళు వాళ్ళ మీద చెప్పుకుంటూ మనల్ని తిప్పుతారు. డబ్బును యాప్ వాలెట్లో వేస్తామంటే, చెల్లించిన ఖాతాకే పంపమని రాతపూర్వకంగా అడగాలి.

ఫిర్యాదు ఒక వరుసలో వెళ్ళాలి. మొదట కస్టమర్ కేర్. అక్కడ టికెట్ నంబరు తీసుకోవాలి, ప్రతి ఫిర్యాదుకూ అది ఇవ్వడం వేదిక బాధ్యత. పని కాకపోతే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఆ అధికారి పేరు, హోదా, సంప్రదించే మార్గం వెబ్‌సైటులో పెట్టి తీరాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు: ఆర్డరు నంబరు, తేదీలు, చెల్లించిన మొత్తం, జరిగినది అయిదారు వాక్యాల్లో, చివర కావలసినది ఒకటే వాక్యంలో. కోపం ఎంత ఉన్నా అందులో పెట్టకపోవడమే మంచిది. అమ్మకందారు వ్యాపార నామం, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు కూడా వేదికలో కనిపించాలని నియమాలు చెబుతున్నాయి. ఆర్డరు పెట్టిన రోజే వస్తువు పేజీని, వాగ్దానం చేసిన డెలివరీ తేదీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకునే అలవాటు ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే తగాదా వచ్చేసరికి ఆ పేజీ మారిపోయి ఉంటుంది. చెప్పిన గడువు దాటి వచ్చిన వస్తువును, మనిషి చేతిలో లేని విపత్తు కారణమైతే తప్ప, వెనక్కి తీసుకోననడానికి అమ్మకందారుకు వీలు లేదు. లోపమున్న వస్తువు, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువు విషయంలోనూ ఇదే నియమం.

నెల గడిచినా తేలకపోతే 1915కు ఫోన్ చేయాలి. ఈ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో తెలుగులో మాట్లాడవచ్చు కనుక, బెంగళూరులో ఉంటూ కన్నడ ఇంకా పట్టుబడనివారు సంకోచించనక్కరలేదు. అది న్యాయస్థానం కాదు, సంస్థకు విషయం చేరవేసి జవాబు రాబడుతుంది, అంతే. కొన్ని వందల రూపాయల తగాదాకు నా లెక్కలో అది చాలు. మొత్తం పెద్దదైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. అమ్మకందారు సూరత్‌లో ఉన్నా ఢిల్లీలో ఉన్నా, మీరు నివసించే చోటే, అంటే బెంగళూరులోనే వేయడానికి 2019 చట్టం అవకాశం ఇస్తోంది. అద్దె ఒప్పందం వంటి నివాస రుజువు దగ్గర ఉంచుకోవాలి. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వివాదం పుట్టిన రెండేళ్ళలోపు వేయాలి, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వేర్వేరు యాప్‌లను కలిపే ప్రభుత్వ మద్దతున్న నెట్‌వర్క్ ఓఎన్‌డీసీ ద్వారా కొన్నవారికి మాత్రం ఒక తేడా ఉంది. 2022 సెప్టెంబరులో ప్రజలకు ప్రయోగాత్మకంగా తెరుచుకున్నది బెంగళూరులోనే అయిన ఆ నెట్‌వర్క్‌లో కొనే యాప్ ఒకరిది, అమ్మే యాప్ ఇంకొకరిది. ఎవరి దగ్గర తప్పు జరిగినా ఫిర్యాదు మొదలుపెట్టవలసింది మీరు ఆర్డరు పెట్టిన యాప్‌లోనే.

ఇక రివ్యూ. రాసే ముందు అది ఏ పెట్టెలో పడుతోందో చూడాలి. వస్తువుకు ఇచ్చే రివ్యూ వేరు, అమ్మకందారుకు ఇచ్చే రేటింగు వేరు, తెచ్చిన మనిషికి ఇచ్చే స్టార్లు వేరు. కొరియర్ ఆలస్యానికి కోపగించి చీరకు ఒక స్టారు ఇస్తే నేసినవాడికి శిక్ష పడుతుంది, పైగా సంబంధం లేనిదని వేదిక దాన్ని తీసేయవచ్చు. రాసేదాంట్లో మీరు చూసినదీ, కొలిచినదీ, తేదీ వేసి చెప్పగలిగినదీ ఉండాలి. "దొంగలు, మోసగాళ్ళు" అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు, పైగా పరువునష్టం నోటీసుకు దారి తీస్తుంది. "మార్చి 3న రావలసినది 11న వచ్చింది, అంచు నాలుగు వేళ్ళ వెడల్పని రాశారు, రెండు వేళ్ళే ఉంది" అని రాస్తే దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు.

ఒకప్పుడు అమ్మేవారు కూడా కొనేవారి మీద చెడ్డ రేటింగు పెట్టగలిగేవారు. నువ్వు నన్ను తిడితే నేను నిన్ను తిడతానన్న భయంతో కొనుగోలుదారులు నిజం రాయడం మానేస్తున్నారని, ఈబే 2008లో ఆ అధికారాన్ని అమ్మకందారుల నుంచి తీసేసింది. ఇప్పుడు అదే ఒత్తిడి వేరే వేషంలో వస్తోంది. పెట్టెలో "అయిదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే వంద రూపాయలు" అని చిన్న కార్డు ఉంటుంది. దాన్ని ఫొటో తీసి వేదికకు పంపండి, డబ్బు తీసుకోకండి. అమ్మకందారు తానే కొనుగోలుదారు వేషంలో రివ్యూ రాయడం 2020 నియమాల ప్రకారం నిషిద్ధం. ఆన్‌లైన్ రివ్యూలను ఎలా సేకరించాలో, వడకట్టాలో, ప్రచురించాలో చెప్పే ఐఎస్ 19000:2022 అనే ప్రమాణాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ కూడా తెచ్చింది, కానీ దాన్ని పాటించడం స్వచ్ఛందం.

అమ్మేవారికి చెప్పవలసింది కొంత వేరు. తిరిగి అమ్మడానికి సరుకు కొన్నవారిని చట్టం వినియోగదారుగా చూడదు కనుక, వాళ్ళకు దగ్గరి దారి వేదికలోని అప్పీలే. రివ్యూ చూడగానే కొనుగోలుదారుకు ఫోన్ చేయడం అన్నిటికన్నా చెడ్డ పని. మర్యాదగా మాట్లాడినా అది బెదిరింపుగానే వినిపిస్తుంది. బూతులు, ఫోన్ నంబర్లు, కొరియర్ గురించిన ఫిర్యాదు, డబ్బు ఇవ్వకపోతే చెడ్డ రివ్యూ పెడతానన్న బెదిరింపు, వీటిలో ఏదైనా ఉంటే ఆ వాక్యాన్ని ఎత్తి చూపి తొలగించమని అడగవచ్చు. ఇవేవీ లేకపోతే తొలగించమనడం వృథా, కింద జవాబు రాయడమే దారి.

గత ఏడాది మా వదిన చీరకు ఒకావిడ ఒక స్టారు ఇచ్చి, "ఫొటోలో నెమలికంఠం రంగు, వచ్చింది ముదురు ఆకుపచ్చ. రద్దు చేద్దామంటే అప్పటికే పంపేశామన్నారు" అని రాశారు. వదిన మొదట రాసుకున్న జవాబులో మీ ఫోన్ స్క్రీన్ వెలుగు వల్ల అలా కనిపించి ఉంటుందన్న మాట ఉంది. అది నిజమే కావచ్చు కానీ, చదివే మూడో మనిషికి తప్పు కొన్నావిడ మీదికి నెట్టినట్టుంటుందని చెప్పి ఆ వాక్యం తీయించాను. చివరికి పెట్టింది ఇది: "రంగు ఫొటో కన్నా ముదురుగా ఉందన్నది నిజమేనండి, అది దీపం వెలుగులో తీసిన ఫొటో. మీరు రద్దు కోరిన సాయంత్రానికే చీర బయలుదేరింది. తిరిగి తీసుకుంటాం, రవాణా ఖర్చు మాదే. ఈ రోజు పగటి వెలుగులో తీసిన ఫొటో పెట్టాం." స్టార్ల ప్రస్తావన తేలేదు. ఆవిడ చీర వెనక్కి పంపారు, డబ్బు అందుకున్నారు. వారం తరువాత తన రివ్యూను తుడిచేయకుండా, కింద తేదీ వేసి "డబ్బు వచ్చింది, ఫొటో మార్చారు" అని చేర్చి మూడు స్టార్లు చేశారు. మొదటి వాక్యం ఇప్పటికీ అక్కడే ఉంది, వదిన దాన్ని తీయించే ప్రయత్నం చేయలేదు.