మూలుగు ఒకచోట, జబ్బు ఇంకోచోట: హైదరాబాద్‌లో రోజూ సైకిల్ తొక్కేవారి సమస్యలు - పరిష్కారాలు

కూకట్‌పల్లి నుంచో మెహదీపట్నం నుంచో రోజూ సైకిల్ మీద ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు షాపులో చెప్పేది ఒకటి, షాపువాళ్ళు మార్చేది ఇంకొకటి, నిజంగా పాడైంది వేరొకటి. గేరు జారుతోందంటే కొత్త చైన్ అంటగడతారు. పంక్చర్లు ఆగడం లేదంటే ట్యూబ్ మారుస్తారు. మోకాలు నొప్పి అని ఇంట్లో అంటే ఏకంగా సైకిలే అమ్మేయమంటారు. జేబులో చెయ్యి పెట్టేముందు కారణం ఎక్కడుందో పట్టుకుంటే చాలా పనులు ఇంటి దగ్గరే అయిపోతాయి. అందరినీ ఎక్కువగా ఏడిపించేదాంతో మొదలుపెడదాం.

అదే చక్రం, మళ్ళీ పంక్చర్

నిన్న ప్యాచ్ వేయించారు. ఇవాళ పొద్దున చూస్తే టైరు మళ్ళీ నేలకు అతుక్కుపోయి ఉంది. పంక్చర్ భాయ్ మీద కోపం వస్తుంది గానీ, చాలాసార్లు ఆ ప్యాచ్ బాగానే ఉంటుంది. గుచ్చుకున్నది టైరులోనే ఉండిపోయి ట్యూబును ఇంకోచోట పొడుస్తుంది.

మన దగ్గర ఏం గుచ్చుకుంటాయంటే, ఓఆర్‌ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) సర్వీస్ రోడ్ల అంచున పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. కోకాపేట, తెల్లాపూర్, నల్లగండ్ల వైపు లేస్తున్న టవర్ల ముందు మేకులు, సెంట్రింగ్ కట్టే బైండింగ్ వైరు ముక్కలు. వీటన్నిటికంటే చెడ్డది లారీ టైరు పేలినప్పుడు రాలే ఉక్కు తీగ. రేడియల్ టైర్ల లోపల ఉండే తీగే ఇది, చాలా సన్నగా ఉంటుంది. సైకిల్ టైరు రబ్బరులోకి దూరి పైకి కనిపించకుండా కూర్చుంటుంది. గాలి నింపి మీరు ఎక్కి కూర్చున్నాకే దాని మొన ట్యూబుకు తగులుతుంది. అందుకే షాపులో అంతా బాగుందనిపిస్తుంది, దారిలో గాలి పోతుంది.

పట్టుకునే పద్ధతి ఇది. టైరు ఎక్కించేటప్పుడు దాని మీద ఉన్న కంపెనీ పేరు సరిగ్గా వాల్వ్ దగ్గరికి వచ్చేలా పెట్టుకోండి. ఇది అందం కోసం కాదు. పంక్చర్ అయినప్పుడు ట్యూబ్ తీసి, గాలి కొట్టి, నీళ్ళ టబ్బులో ముంచి బుడగలు వచ్చే చోటు గుర్తుపెట్టుకుంటారు కదా. ఆ ట్యూబును వాల్వ్ గుర్తుతో మళ్ళీ టైరు పక్కన పెడితే, ముల్లు ఎక్కడుందో జానెడు మేరలో తేలిపోతుంది. ట్యూబ్ తిరగబడి ఉండొచ్చు కాబట్టి వాల్వ్‌కు రెండు వైపులా వెతకాలి. వేళ్ళతో తడమకండి, కోసుకుంటుంది. దూది ముద్దను టైరు లోపల చుట్టూ మెల్లగా తిప్పండి. తీగ ఉన్నచోట దూది పోగు చిక్కుకుంటుంది. ప్లక్కర్‌తో పట్టుకుని లాగేయండి. బయటి వైపు నుంచి సూదితో నెడితే ఇంకా తేలిగ్గా వస్తుంది.

చిల్లు ఎక్కడుంది, ఎలా ఉంది అన్నదే సగం కథ చెబుతుంది. పాముకాటులా రెండు చిల్లులు పక్కపక్కనే ఉంటే అది ముల్లు పని కాదు. గాలి తక్కువగా ఉండగా గుంతలోనో స్పీడ్ బ్రేకర్ మీదో పడ్డప్పుడు రిమ్ అంచులు ట్యూబును నలిపేశాయి. దీనికి మందు గాలే. ఎంత కొట్టాలో టైరు పక్కన అచ్చు వేసి ఉంటుంది. 35 మిల్లీమీటర్ల హైబ్రిడ్ టైరుకు సాధారణంగా 50 నుంచి 75 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) మధ్య, లావు ఎంటీబీ (మౌంటెన్ బైక్) టైరుకు 30 నుంచి 50 మధ్య ఉంటుంది. బొటనవేలితో నొక్కి చూసి సరిపోయిందనుకోవడం నమ్మదగ్గ పద్ధతి కాదు. మీటరున్న పంపు ఒకటి కొనుక్కుని వారానికోసారి చూసుకోండి.

చిల్లు రిమ్ వైపు, అంటే ట్యూబ్ లోపలి వలయంలో ఉంటే రిమ్ టేపు (స్పోకు తలల మీద కప్పే పట్టీ) పక్కకు జరిగి స్పోకు తల గుచ్చుకుంటోంది. టేపు సరిచేయకుండా ఎన్ని ట్యూబులు మార్చినా దండగే. చిల్లు వాల్వ్ మొదట్లోనే ఉంటే మాత్రం ప్యాచ్ నిలవదు, ట్యూబ్ మార్చాల్సిందే. అసలు చిల్లే దొరకకపోతే వాల్వ్ మీద కాస్త ఉమ్మి రాసి చూడండి, బుడగ లేస్తే దొంగ అక్కడే ఉన్నాడు. పాత నల్ల సైకిళ్ళ వాల్వ్‌లో చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. ఎండలకు అది చీకిపోతుంది. కొన్ని రూపాయల ముక్క, పది నిమిషాల పని.

బైకుల పంక్చర్ షాపులో కంప్రెసర్‌తో గాలి పట్టిస్తుంటే పక్కనే నిలబడి "అన్నా, కొంచెం కొంచెంగా" అని చెప్పండి. సైకిల్ ట్యూబులో పట్టే గాలి చాలా తక్కువ. ఒక్కసారిగా వదిలితే టైరు రిమ్ లోంచి లేచి ట్యూబ్ ఢామ్మంటుంది.

ఇంతకీ అసలు కారణం చెప్పలేదు: మనం తొక్కే చోటు. నడిరోడ్డు మీద పడిన గాజు, మేకులు, ఇసుక అన్నీ బండ్ల రాకపోకలకు ఎడమ అంచుకు చేరతాయి. మనం బస్సుకు భయపడి సరిగ్గా అక్కడే తొక్కుతాం. అంచు నుంచి ఒక మీటరు లోపలికి జరగండి. ఆగి ఉన్న కార్ల తలుపులు, డ్రైనేజీ జాలీలు కూడా తప్పుతాయి. వెనక ఆటోవాళ్ళు హారన్ కొడతారు, కొట్టనివ్వండి. మీరు కనపడ్డారు కాబట్టే కొడుతున్నారు.

జూబ్లీహిల్స్ ఎక్కితే మోకాలి నొప్పి

మాదాపూర్ నుంచి చెక్‌పోస్ట్ వైపు, పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ వైపు రోజూ ఎక్కేవాళ్ళు చెప్పే మాట ఇది. నిందంతా ఎత్తు మీద పడుతుంది. కానీ ఎక్కువసార్లు కారణం సీటు.

నొప్పి మోకాలిచిప్ప చుట్టూ, ముందు వైపు ఉంటే సీటు మరీ కిందికి ఉందని ముందు అనుమానించండి. మోకాలి వెనక ఉంటే సీటు మరీ పైకి ఉంది. మన ఊళ్ళో మొదటిదే ఎక్కువ. ఎందుకంటే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీటు మీద కూర్చునే రెండు కాళ్ళూ నేలకు ఆనాలని అందరికీ కోరిక. షాపువాళ్ళు కూడా అలాగే బిగించి ఇస్తారు. అలా ఆనిందంటే ఆ సీటు తొక్కడానికి పనికిరానంత కిందికి ఉన్నట్టే. సిగ్నల్ దగ్గర సీటు దిగి, మధ్య కడ్డీకి అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడటం అలవాటు చేసుకోవాలి.

కొలత తేలిక. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్‌ను అడుగుకంటా దించి, దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా రావాలి, నడుము పక్కకు ఒరగకూడదు. మామూలుగా తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి అప్పుడు మోకాలు కొద్దిగా వంగుతుంది. అంతే కావాలి. ఒకేసారి రెండు అంగుళాలు లేపకండి, అర సెంటీమీటరు చొప్పున పెంచి రెండు మూడు రోజులు తొక్కి చూడండి.

రెండో కారణం బరువు గేరు. ఎత్తు మొదలయ్యాక, కాళ్ళు మొరాయించాక గేరు మారుస్తారు చాలామంది. ఎత్తుకు ముందే తేలిక గేరులోకి రావాలి. చదును రోడ్డు మీద నిమిషానికి 80 నుంచి 90 చుట్లు తిరిగేలా తొక్కితే మోకాళ్ళ మీద భారం తగ్గుతుంది. గేర్లు లేని సైకిలైతే దిగి నడిపించుకుంటూ వెళ్ళండి, ఎవరూ పతకాలు ఇవ్వడం లేదు. సీటు సరిచేశాక కూడా నొప్పి ఉన్నా, వాపు కనిపించినా ఎముకల డాక్టరుకు చూపించాలి.

ఎత్తులో చైన్ టక్కున దూకుతోంది

ఇక్కడ మూడు వేర్వేరు జబ్బులున్నాయి, మూడింటికీ ఒకటే మూలుగు.

పెద్ద పళ్ళ చక్రం మీదికి ఎక్కడానికి చైన్ తటపటాయిస్తుంటే కేబుల్ వదులైంది. కొత్త సైకిల్‌కు మొదటి నెలల్లో ఇది మామూలే. వెనక డిరెయిలర్‌లోకి (చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే భాగం) కేబుల్ వెళ్ళేచోట చేత్తో తిప్పే చిన్న మర ఉంటుంది. దాన్ని అపసవ్యంగా పావు చుట్టు తిప్పి చూడండి. ఇంకా ఉంటే ఇంకో పావు. పైసా ఖర్చు లేదు.

గట్టిగా తొక్కినప్పుడు, అదీ మీరు ఎక్కువగా వాడే ఒకటి రెండు గేర్లలోనే దూకుతుంటే అరుగుదల. స్కేలు తీసి చైన్ మీద ఒక పిన్ను మధ్య నుంచి కొలవండి. 24 ఖాళీల తర్వాత వచ్చే పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. అంగుళంలో 16వ వంతు దాటితే చైన్ మార్చండి. 8వ వంతు దాకా సాగిందంటే వెనక పళ్ళ చక్రాలు కూడా అరిగి ఉంటాయి, ఒక్క చైన్ మారిస్తే ఇంకా ఎక్కువ దూకుతుంది.

మూడోది మన ఆఫీసు సెల్లార్ల పుణ్యం. సైకిల్‌కు చోటు ఉండదు, స్కూటీల మధ్య ఇరికిస్తాం. ఎవరో బండి తీస్తూ తోసేస్తారు. కుడి వైపు పడితే డిరెయిలర్ తగిలించిన హ్యాంగర్ వంగుతుంది. వెనక నుంచి చూస్తే చైన్ దిగే ఆ చేయి నిటారుగా కాకుండా స్పోకుల వైపు ఒరిగి కనిపిస్తుంది. అప్పుడు మర ఎంత తిప్పినా లాభం లేదు. పైగా అన్నిటికంటే తేలిక గేరులోకి వేస్తే డిరెయిలర్ స్పోకుల్లోకి దూరి చక్రాన్నే పట్టేస్తుంది. సరిచేయించేదాకా ఆ గేరు ముట్టుకోకండి. ఇకపై కుడి వైపు గోడకు ఉండేలా నిలపండి.

టిక్... టిక్... ఎక్కడినుంచో తెలియదు

ట్రాఫిక్ హోరులో దీన్ని కనిపెట్టలేరు. నానక్‌రామ్‌గూడ, నార్సింగి దగ్గర ఓఆర్‌ఆర్ పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ ఉంది కదా, ఆదివారం పొద్దున్నే అక్కడికి తీసుకెళ్ళి వినండి. తొక్కడం ఆపితే శబ్దం ఆగిందా? అయితే పెడల్, క్రాంక్ (పెడల్ బిగించిన కడ్డీ), లేదా చైన్. తొక్కకపోయినా వస్తుంటే చక్రం వైపు: స్పోకు వదులు, బ్రేకు రాపిడి. సీటు మీంచి లేచి తొక్కితే ఆగిందా? సీటు కడ్డీ. దాన్ని తీసి తుడిచి, గ్రీజు రాసి బిగిస్తే సరి (కార్బన్ కడ్డీకి మాత్రం గ్రీజు వద్దు).

ఎక్కువగా దొరికేది పెడలే. విప్పి గ్రీజు పూసి బిగించాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, సవ్యంగా తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక బలమంతా పెట్టి మర పాడుచేస్తే క్రాంక్ మార్చాల్సి వస్తుంది.

వాన మొదలవగానే బ్రేకు పట్టదు

రిమ్ బ్రేకైతే తడి రిమ్‌ను ముందు తుడవాలి, తర్వాతే పట్టుకుంటుంది. అందుకని వానలో ముందునుంచే మెల్లగా నొక్కుతూ రండి. జూన్ తొలి జల్లుల్లో రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి ఇంకా జారుతుంది, బ్రేకు మంచిదైనా టైరు నిలవదు. గీరుతున్నట్టు శబ్దం వస్తే రబ్బరులో లోహపు రజను ఇరుక్కుంది, పిన్నుతో తీసేసి గరుకు కాగితంతో రుద్దండి.

డిస్క్ బ్రేకు కూతపెడుతూ పట్టకపోతే నూనె తగిలి ఉంటుంది. చైన్‌కు స్ప్రే కొట్టేటప్పుడే ఇది జరుగుతుంది. డిస్క్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ప్యాడ్లు నూనె పీల్చేసి ఉంటే మార్చడమే మేలు. చైన్‌కు స్ప్రే బదులు చుక్కల సీసా వాడండి: ఒక్కో లింకుకు ఒక్క చుక్క, కాసేపాగి పైన మిగిలిందంతా గుడ్డతో తుడిచేయాలి. నూనె ధారగా పోస్తే మన దుమ్ముకు చైన్ నల్లటి ముద్ద అవుతుంది. ఆ ముద్దే దాన్ని అరగదీస్తుంది.

నీళ్ళు నిలిచిన రోడ్డులోకి మాత్రం దిగకండి. మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుందో పైనుంచి తెలియదు. ఏ బ్రేకూ అక్కడ కాపాడదు.

చిటికెన వేలు తిమ్మిరి

అరచేతి అంచున ఉండే నరం మీద బరువు పడుతోంది. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే ఒళ్ళంతా చేతుల మీదికి జారుతుంది. సీటు సమంగా చేయండి, మోచేతులు బిగబట్టకండి. గ్లవ్స్ ఆ తర్వాతి సంగతి.

ఆఫీసుకు చేరేసరికి చొక్కా తడిసి ముద్ద

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్ళో చెమట పట్టకుండా తొక్కడం కుదరదు. కానీ వీపంతా తడవడానికి కారణం ఎండ కాదు, బ్యాక్‌ప్యాక్. ల్యాప్‌టాప్‌ను వెనక క్యారియర్ సంచీలోకి మార్చండి. ఆఖరి కిలోమీటరు నెమ్మదిగా తొక్కండి. ఆగిన పదిహేను నిమిషాలకు గానీ చెమట ఆగదు, కాబట్టి చేరగానే చొక్కా మార్చకండి. మంచినీళ్ళు తాగి, తడి తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు మార్చుకోండి.

రాత్రి షిఫ్టు తర్వాత కుక్కలు వెంటపడటం

వేగం పెంచితే వెంటపడటం పెరుగుతుంది. తిరిగే కాళ్ళే వాటి గురి. తొక్కడం ఆపి, వేగం తగ్గించి గట్టిగా ఒక్క అరుపు అరవండి. చాలామటుకు ఆగిపోతాయి. ఆగకపోతే దిగి, సైకిల్‌ను మీకూ వాటికీ మధ్య అడ్డంగా పెట్టి, వెనక్కి తిరగకుండా నడిచి ఆ వీధి దాటండి.

కరిచినా, పంటి గీత పడినా సబ్బుతో, ధార నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టొద్దు. కట్టు కట్టొద్దు. ఆలస్యం చేయకుండా టీకా మొదలుపెట్టాలి. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో ఇస్తారు. డోసులు ఏ తేదీల్లో అని రాసిచ్చిన కాగితం ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, ఒక్కటి కూడా వదలకూడదు. సైకిల్‌కు అక్కడే ఏ స్తంభానికో తాళం వేసి ఆటో ఎక్కండి.