బ్యాంకు దోపిడీ సినిమాకు సమీక్ష రాయడం: గుట్టు విప్పకుండా పథకాన్ని తూచడం ఎలా

దోపిడీ థ్రిల్లర్‌కు సమీక్ష రాయడంలో ఒక చిక్కుంది. సినిమా ఎందుకు బాగుందో చెప్పాలంటే పథకం ఎలా నడిచిందో చెప్పాలి. అది చెప్పేస్తే చూడబోయేవాళ్ల సరదా పోతుంది. చెప్పకుండా దాటేస్తే చివరికి మిగిలేది "స్క్రీన్‌ప్లే రేసీగా సాగింది, నటీనటులు తమ పరిధి మేరకు నటించారు, రెండో సగంలో ఎడిటర్ కత్తెరకు ఇంకాస్త పని చెప్పాల్సింది" అనే మూడు ముక్కలే. ఇవి ఏ సినిమాకైనా అతుకుతాయి. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి కొత్తగా సమీక్షలు రాస్తున్నవాళ్లకు ఈ చిక్కు దాటే పద్ధతి ఒకటి ఇక్కడ చెబుతున్నాం. మన వైపు సమీక్షలు రాసే అలవాటు కొత్తదేమీ కాదు. నెల్లూరు వారపత్రిక జమీన్ రైతు పాత సంచికల్లో సినిమా సమీక్షలున్నాయి, దొరికితే తప్పక చదవండి.

థియేటర్లో

ట్రైలర్ చూడకుండా వెళ్లండి. ఈ తరహా సినిమాల ట్రైలర్లలో ఇంటర్వెల్ తర్వాతి షాట్లు కూడా పెట్టేస్తారు. అవి తెలిసి చూస్తే సినిమా ఏ సమాచారాన్ని ఎప్పుడు ఇచ్చిందో లెక్క తేలదు, మన పనంతా ఆ లెక్క మీదే ఉంది.

జేబులో పట్టే నోటుపుస్తకం, పెన్సిలు, చేతికి వాచీ చాలు. చీకట్లో గీతల మీద రాయలేం, రాసినదాని మీదే మళ్లీ రాసేస్తాం. అందుకని పేజీకి ఒకటే మాట, పెద్ద అక్షరాలతో రాసి పేజీ తిప్పేయండి. ఫోన్ మాత్రం బయటికి తీయొద్దు. వెలుగు పక్కవాళ్ల కళ్లలో పడుతుందనేది ఒక కారణం. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక హాల్లో సినిమాను రికార్డు చేయడం కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా పడే నేరం, జైలు మూడేళ్ల దాకా పడొచ్చు. "సమీక్ష వీడియో కోసం పది సెకన్లే తీశాను" అని చెప్పుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

కథ రాసుకోకండి, అది ఎలాగూ గుర్తుంటుంది. కొత్త సంగతి తెలిసిన ప్రతిసారీ అది మనకు తెలిసిందా, దొంగకు తెలిసిందా, పోలీసుకు తెలిసిందా అన్నది రాసుకోండి. ప్రేక్షకుడు, దొంగ, పోలీసు అని "ప్రే", "దొం", "పో" గుర్తులు చాలు. అనుమానం వస్తే ప్రశ్నార్థకం పెట్టండి. సినిమా మొదలైన వేళ, ముఠా బ్యాంకులో అడుగుపెట్టిన వేళ, ఇంటర్వెల్, బయటపడిన వేళ అని నాలుగు టైములు కూడా వేసుకోండి. "మొదట్లో నెమ్మదిగా ఉంది" అనే బదులు "ముఠా బ్యాంకు గడప తొక్కేసరికి యాభై నిమిషాలు గడిచాయి" అని రాయగలిగేది వీటి వల్లే.

ఇంటర్వెల్లో టీకి లేవకముందే, ముగింపు ఎలా ఉంటుందనుకుంటున్నారో రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. తర్వాత రాస్తే పనికిరాదు. సినిమా అయ్యాక మనమంతా "నేను ముందే ఊహించాను" అనే అనుకుంటాం. కాయితం మీద ఉంటే ఆ మాట నిజమో కాదో తేలిపోతుంది. ఆ తర్వాత టీ కొట్టు దగ్గర చెవులు రిక్కించండి. "సినిమా బాగుండాది గానీ, ఆ పోలీసోడు మరీ మొద్దబ్బా" అని ఎవరైనా అంటే అది బంగారంలాంటి మాట. పోలీసు తెలివితక్కువవాడైతే దొంగ గెలుపుకు విలువ ఉండదు. ఈ జానర్‌లో మొదట చూడాల్సిన లోపం అదే.

మాటలు సరిగా వినపడకపోతే తొందరపడి సౌండ్ మిక్సింగ్‌ను తప్పుపట్టకండి. తెర వెనక మధ్య స్పీకరు బాగా లేకపోయినా మాటలే మునిగిపోతాయి. వేరే హాల్లో చూసినవాళ్లను అడిగి తేల్చుకోండి. డబ్బింగ్‌లో చూస్తే ఆ సంగతి సమీక్షలో చెప్పండి. మాటలో దాచిన ఆధారం డబ్బింగ్‌లో మారిపోయి ఉండొచ్చు.

పథకాన్ని తూచడం

ఇంటికొచ్చాక ఒక తెల్లకాయితం తీసుకోండి. ఎడమవైపు ముఠా మనకు చెప్పిన పథకం, కుడివైపు వాళ్లు నిజంగా చేసింది, అడుగున పోలీసులకు ఎప్పుడేం తెలిసిందో రాయండి. పథకమంతా ముందే విప్పి చెప్పిన సినిమాలో అది ఎక్కడో ఒకచోట తప్పాలి, లేకపోతే చెప్పిందే మళ్లీ చూసినట్టుంటుంది. పథకాన్ని దాచిన సినిమాలో అది మన కళ్లముందే జరుగుతుండాలి, మనకు అర్థం కాకపోవాలి, అంతే.

ఇక చివర్లో వచ్చే ఫ్లాష్‌బ్యాక్, "అసలు జరిగింది ఇదీ" అని వరుసగా చూపించే భాగం. అక్కడి ఒక్కో షాట్‌నూ మీ నోట్సుతో పోల్చండి. అంతకుముందు దాని ఆనవాలు ఉందా? కెమెరా ఇంకొకరి వెంట వెళ్లినప్పుడు అది పక్కన జరిగి ఉండే వీలుందా? ఉంటే దర్శకుడు నిజాయతీగా దాచాడు. ముందు చూపించినదానికి విరుద్ధంగా ఉంటే అబద్ధమాడాడు. అప్పటిదాకా ఊసే లేని బావమరిది ఫోరెన్సిక్ ల్యాబులో ఉద్యోగిగా ఊడిపడితే అది అబద్ధం కాదు గానీ పథకం చేతకాక తెచ్చుకున్న అరువు. ఈ మూడింటినీ ఒకే గాట కట్టి "లాజిక్ లేదు" అనేయకండి. ఏ రకం తప్పో విడదీసి చెప్పినప్పుడే పాఠకుడు మిమ్మల్ని నమ్ముతాడు.

ఉదాహరణకు 2006లో స్పైక్ లీ తీసిన 'ఇన్‌సైడ్ మ్యాన్' చూద్దాం. 'దిల్ సే' కోసం రెహమాన్ కట్టిన 'ఛయ్య ఛయ్య' పాట టైటిల్స్‌లో వినిపించే సినిమా అంటే చాలామందికి గుర్తొస్తుంది. మొదట్లోనే దొంగ పాత్రధారి క్లైవ్ ఓవెన్ తెర మీద నుంచి సూటిగా మనతోనే మాట్లాడతాడు. దోపిడీ ఇంకా నడుస్తుండగానే, అది ముగిశాక బందీలను పోలీసులు ప్రశ్నించే సీన్లు మధ్యమధ్యలో వస్తుంటాయి. అంటే "ఎవరు చస్తారు" అనే ఉత్కంఠను దర్శకుడు చేజేతులా చాలావరకు వదులుకుని, "ఎలా బయటపడ్డారు" అనే ఉత్కంఠ మీదే పందెం కాశాడు. చూడండి, ముగింపు ఊసెత్తకుండానే సినిమా తెలివి గురించి ఎంత చెప్పొచ్చో.

ఆ సినిమాను విమర్శకుల్లో ఎక్కువమంది మెచ్చుకున్నారు. ప్రపంచవ్యాప్తంగా 18 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అయినా అమెరికన్ సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ నాలుగుకు రెండున్నర నక్షత్రాలే ఇచ్చాడు. దోపిడీ వెనకున్న ఉద్దేశం, చేసిన పద్ధతి రెండూ నమ్మేలా లేవన్నది ఆయన అభ్యంతరం. "బోరు కొట్టింది" అని ఊరుకోకుండా నొప్పి ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు. ఆ మాట ఒప్పుకోనివాళ్లు కూడా సినిమా మళ్లీ చూసి ఆయనతో వాదించొచ్చు. మీ సమీక్షకు ఈ గుణం ఉందో లేదో చూసుకోండి, నక్షత్రాల సంగతి తర్వాత.

నమ్మదగ్గదా కాదా అని తేల్చడానికి కొన్ని లెక్కలు చేతిలో ఉండాలి. డబ్బు బరువు మొదటిది. వంద నోట్లు ఒక ప్యాకెట్, పది ప్యాకెట్లు ఒక బండిల్. కోటి రూపాయలు 500 నోట్లలో 20,000 నోట్లు, అంటే ఇరవై బండిళ్లు. నోటు బరువు గ్రాము పైచిలుకు కాబట్టి కోటి బరువు ఇరవై కిలోలు దాటుతుంది. హీరో పది కోట్లు రెండు బ్యాగుల్లో వేసుకుని గోడ దూకితే రెండు క్వింటాళ్ల మూటతో దూకినట్టు. వందనోట్లయితే బరువు నాలుగు రెట్లకు పైనే. 2000 నోట్లు కనబడితే కథాకాలం చూడండి. అవి 2016 నవంబరులో పెద్దనోట్ల రద్దు తర్వాత వచ్చాయి, 2023 మే 19న రిజర్వు బ్యాంకు వాటిని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. స్ట్రాంగ్‌రూమ్ తాళాలు మన బ్యాంకుల్లో ఇద్దరు అధికారుల దగ్గర ఉంటాయి, ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. మేనేజరు ఒక్కడి తలకు తుపాకీ పెట్టగానే తలుపు తెరుచుకుంటే, రెండో తాళం ఎక్కడిదని అడగండి.

మన జిల్లాల్లో కథ జరిగితే మీకున్న అనుకూలం హైదరాబాదు సమీక్షకుడికి ఉండదు. ఒంగోలు కర్నూలు రోడ్డులో బ్యాంకు కొట్టి హైవే మీద నెల్లూరు పారిపోయే ముఠా టంగుటూరు టోల్‌ప్లాజా దాటాలి. అక్కడ ఫాస్టాగ్ రికార్డవుతుంది, కెమెరాలుంటాయి. ఆ గండం ఎలా గడిచిందో సినిమా చూపించిందా? లేదా దొంగలకు ఆ తెలివి ఉండి, లోపలి రోడ్లు పట్టుకుని పొదిలి వైపు తిరిగారా? అలా తిరిగితే మెచ్చుకోండి, అలాంటి చోటే రచయిత పనితనం కనబడుతుంది. కనిగిరి మనిషిగా చూపించిన పాత్ర నోట గోదావరి మాట వినిపిస్తే అదీ రాయండి.

ఈ తప్పులన్నీ ఏరి జాబితా వేయమని కాదు. పథకం ఆ వివరం మీద నిలబడి ఉంటేనే రాయండి. దారిన పోయే తప్పును వదిలేయండి.

రాత

ఆరు వందల పదాలు సరిపోతాయి. మొదటి యాభైలో ఇది ఏ రకం దోపిడీ కథో, మీ తీర్పేమిటో చెప్పేయండి. కథకు వంద పదాలు, అదీ దోపిడీ మొదలయ్యేదాకానే. ఇంటర్వెల్ తర్వాతి సంగతి ఒక్కటీ రావొద్దు. సగానికి పైగా భాగం రెండు సీన్లకు ఇవ్వండి, ఒకటి పథకం బిగువుగా ఉన్నది, ఒకటి జారినది. నటన, సాంకేతిక విభాగాలు పథకానికి ఎంత పనికొచ్చాయో అంతవరకే రాయండి. ఎడిటింగ్ గురించి అడగాల్సింది ఒకటే: కౌంటరు ఎక్కడ, స్ట్రాంగ్‌రూమ్ ఎక్కడ, వెనక తలుపు ఎక్కడ అన్నది ప్రేక్షకుడికి పది నిమిషాల్లో తెలిసిందా? తెలియకపోతే ఆ తర్వాత ఎంత పరుగెత్తించినా కంగారే తప్ప ఉత్కంఠ రాదు.

"చివర్లో దిమ్మతిరిగే ట్విస్ట్ ఉంది" అని ఎప్పుడూ రాయకండి. ట్విస్ట్ ఏమిటో చెప్పకపోయినా గుట్టు సగం విప్పినట్టే, చూసేవాడు మొదటి రీలు నుంచే దానికోసం కాపు కాస్తాడు. "మొదటి సీను జాగ్రత్తగా చూడండి" అన్నా అంతే. ముగింపు నచ్చకపోతే ఇలా చెప్పొచ్చు: "దొంగను గట్టెక్కించిన సంగతులు మూడు. వాటిలో ఒకటే అతని తెలివి, మిగతా రెండూ అదృష్టం." ఏం జరిగిందో బయటపడలేదు, ఎందుకు తేలిపోయిందో మాత్రం తెలిసిపోయింది. ముగింపును విప్పి చర్చించాలనిపిస్తే వేరే భాగంగా, పైన హెచ్చరిక పెట్టి, కాస్త ఖాళీ వదిలి రాయండి.

రేటింగ్ ఇచ్చేట్టయితే అన్నీ రాశాకే ఇవ్వండి. ముందు అంకె వేసుకుంటే వాక్యాలు దానికి తగ్గట్టు వంగిపోతాయి. వసూళ్లు సమీక్షలోకి తేవొద్దు. ట్రేడ్ లెక్కల్లో నెల్లూరు విడి ఏరియా కాబట్టి ఇక్కడి షేర్ (పంపిణీదారు వాటా) అంకెలు తొందరగానే చేతికొస్తాయి, అవి వేరే వార్తకు పనికొస్తాయి. సమీక్ష కోసం చిన్న సంభాషణో, ఒక స్టిల్లో వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. మొత్తం సీన్లు పెట్టడానికి కాదు.

పెట్టిన తర్వాత మీరు రాసిన వివరం తప్పని ఎవరైనా చూపిస్తే గుట్టుగా మార్చేయకండి. ఏ వాక్యం మారిందో, ఏ తేదీన మారిందో సమీక్ష అడుగున రాయండి. వీలైతే వారంలోపు రెండోసారి చూడండి, ఈసారి దొంగను వదిలేసి పోలీసునే గమనిస్తూ. మొదటిసారి పెట్టిన ప్రశ్నార్థకాల్లో ఎన్నింటికి సినిమాలోనే జవాబు దొరికిందో కూడా ఆ అడుగునే చేర్చండి.